కోవా వాసన మొక్క

కొత్తరెడ్డిపాలెం, అద్దంకి దగ్గర
1999 నవంబరు 9

ఒరేయ్ నజీరూ,

ఏరా, బతికే ఉన్నావా? ప్రత్తిపాడు హైస్కూల్లో నీతో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి ప్రతిసారీ నేనే ముందు ఉత్తరం రాయాల్సి వస్తోంది. జోహరా చెల్లెమ్మ ఎట్టా ఉంది? మిఠాయి కొట్టు నడుస్తోందా?

నా సంగతి అడగమాకు. పత్తికి మళ్ళీ పచ్చపురుగు. నిరుడూ ఇంతే. కొట్టని మందు లేదు. పత్తి అయిపోతే ఇక నన్నే తినేట్టుంది ఆ పురుగు. నా ఒంటి మీద మందు కంపు భరించలేక మా కోటిరత్నం నా మంచం వాకిట్లో వేసింది. ఇల్లరికం వచ్చినోడికి ఇంతకంటే మర్యాద ఎక్కడ దొరుకుద్దిలే.

ఇక అసలు సంగతి. చదివాక చించెయ్. నిరుటి నుంచి పత్తి సాళ్ళ మధ్య గంజాయి వేస్తున్నా. ఒంగోలు నుంచి ఒకాయన వస్తాడు. గింజ ఆయనే ఇస్తాడు, సరుకు ఆయనే పట్టుకుపోతాడు. పేరు నీకెందుకులే. రెండు రకాల గింజ ఇచ్చాడు. ఒకటి కొండల మీదది. సన్నాకు, మనిషి కంటే ఎత్తు పెరుగుద్ది, అది తాగినోడు నవ్వుతా కబుర్లు చెబుతాడంట. రెండోది పొట్టిది. వెడల్పాకు, గుబురుగా పొదలాగా ఉంటది, అది ఒళ్ళు బరువెక్కించి పడుకోబెడుద్దంట. నేను చుట్ట తప్ప ఎరగను కాబట్టి ఆయన చెప్పిందే నీకు చెబుతున్నా.

నిరుడు చేలో ఆ రెండు రకాలూ కలిసిపోయినట్టున్నాయి. ఆ గింజ ఏదో పడి మోటారు షెడ్డు వెనకాల ఒక మొక్క దానంతటదే లేచింది. నేను నీళ్ళు పెట్టింది లేదు, మందు కొట్టింది లేదు, అసలు అటేపు చూసిందే లేదు. ఇప్పుడు చూస్తే నా రొమ్ము దాకా ఉంది. ఆకు పొట్టిదాని పోలిక, ఎదుగుదల కొండదాని పోలిక. ఈ చలిగాలికి పూత ఊదారంగు తిరిగింది. ముట్టుకుంటే వేళ్ళు అంటుకుంటున్నాయి. వాసనంటావా, అది గంజాయి వాసన కాదురా! గంజాయి అయితే పిల్లి ఉచ్చ కంపు కొడుద్ది. దీని దగ్గర నిలబడితే నీ కొట్టు ముందు నిలబడ్డట్టే ఉంది. రత్నం కూడా "ఇది నజీరన్నయ్య కొట్టు వాసనండీ" అంది. ఏ మిఠాయి వాసనో మాత్రం మా ఇద్దరికీ అంతుబట్టలేదు.

ఎండుమిరపకాయల పొట్లంలో ఒక రెమ్మ పెట్టి మన అద్దంకి బస్సు డ్రైవరుకిచ్చి పంపా. నీ ముక్కు మీద నాకు నమ్మకం. వాసన చూసి రాయి.

నీ
బుల్లయ్య

గుంటూరు
1999 నవంబరు 17

బుల్లిగా,

నీకు బుద్ధుందా? గడ్డి తింటున్నావా? కొట్టు నిండా జనం ఉంటే ఆ డ్రైవరు వచ్చి "మీ ఫ్రెండు మిరపకాయలు పంపాడండీ" అని పొట్లం గల్లాపెట్టె మీద పెట్టాడు. విప్పి చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవడైనా చూస్తే నేను జైల్లో జిలేబీలు చుట్టుకోవాలి. పత్తిలో పోయింది చాలక ఇదొకటా నీకు? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అడిగావు కాబట్టి చెబుతున్నా. మొదట తగిలేది కోవా. పాలు మరిగి మరిగి మూకుడు అంచుకి కట్టిన మీగడ గీకినప్పుడు వస్తుందే, ఆ కోవా. దాని వెనక ఏలకి. నలిపితే నెయ్యి. కాసేపు చేతిలో పట్టుకున్నాక అడుగున ఇంకోటి తేలింది. పాకం ముదిరిపోయి మాడబోతుంటే పొయ్యి మీంచి దించేస్తామే, ఆ వాసన. చిట్టచివర పచ్చి ఆకు ఘాటు కొంచెం ఉంది. అది లేకపోతే ఎవడో నా మూకుట్లోంచి తీసి పంపాడనుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా పంచదారతో బతుకుతున్నాను, ఒక ఆకులో ఇన్ని ఉంటాయని ఇవాళే తెలిసింది.

సరే, చూశాను, చెప్పాను. మళ్ళీ పంపకు. జోహరా బాగానే ఉంది.

నజీర్

గుంటూరు
1999 డిసెంబరు 3

బుల్లయ్యా,

సలాం. రత్నమ్మ చెల్లి బాగుందా?

ఆ మోటారు షెడ్డు దగ్గరి మొక్క ఇంకా ఉందా? ఉంటే దాన్ని ఆ ఒంగోలు మనిషికి ఇవ్వకు. నాకు కావాలి. ఎందుకని అడక్కు. వేరేది వద్దు, అదే కావాలి.

నీ
నజీర్

కొత్తరెడ్డిపాలెం
1999 డిసెంబరు 9

ఏరోయ్ నజీరు సాహేబూ,

చెప్పేవి శ్రీరంగ నీతులు, దూరేవి ఇంకేవో అని ఊరికే అన్నారా? మొన్ననేగా జైలని, అదని నన్ను తిట్టిపోశావు! ఇప్పుడేమో నాకు కావాలి, అదే కావాలి, అడక్కు అంటున్నావు. నిజం చెప్పు, కొట్టు మూసేసి వెనక కూర్చుని పీలుస్తున్నావా? ఈ వయసులో నీకిదేం పోయేకాలంరా?

మొక్క ఉంది. ఒంగోలాయన కూడా దాని మీద కన్నేశాడు. అట్టాంటి వాసన ఆయన ఎక్కడా చూడలేదంట. అయినా నీకే ఇస్తా. కానీ ఎందుకో చెప్పందే ఒక్క ఆకు కూడా రాదు. దాపరికం మన మధ్య ఎప్పట్నుంచి వచ్చింది?

బుల్లయ్య

గుంటూరు
1999 డిసెంబరు 16

బుల్లిగా,

జోహరాకి కడుపులో కాన్సరు. బాగానే ఉందని రాసింది అబద్ధం. జులైలో తెలిసింది. రాస్తే నిజమైపోతుందేమోనని నీకు రాయలేదు.

ఆస్పత్రిలో దానికి మందులు ఎక్కించినప్పటి నుంచి ఏదీ నిలవడం లేదు. మంచినీళ్ళు తాగినా కక్కుతోంది. వంటింట్లో తాలింపు వేస్తే వీధి గదిలో వాంతి. బియ్యపు బస్తా మోసిన మనిషి, ఇప్పుడు నేనే రెండు చేతుల మీద దొడ్లోకి తీసుకెళుతున్నాను. పాత గుంటూరులో ఒక ముసలి హకీం ఉన్నాడు. ఆయన మాజూన్ పెట్టమన్నాడు, అంటే ఆ ఆకుని నేతిలో వేయించి మిఠాయిలో కలిపేది. అది కక్కు ఆపుతుంది, ఆకలి పుట్టిస్తుంది అన్నాడు. ఆయనే కొంచెం ఆకు తెప్పించి ఇచ్చాడు. పొట్లం విప్పీ విప్పగానే ఆ కంపుకి జోహరా నీలుక్కుపోయింది.

అప్పుడు నీ రెమ్మ గుర్తొచ్చింది. పారెయ్యలేదు, దాచాను. ఆ వాసన పారెయ్యబుద్ధి కాలేదు. కోవాలో కలిపి వేలి గోరంత పెట్టాను. మూసిన కళ్ళు తెరిచి "ఈ కోవా ఎప్పుడు చేశారు?" అంది. వాసనకి కడుపు తిప్పకపోవడం అదే మొదటిసారి. కాసేపటికి మొహం తేటపడింది. నా లుంగీ మీద పడ్డ పాకం మరక చూసి ఒకటే నవ్వు! తర్వాత ఒళ్ళు వదులై నిద్రపోయింది. లేచి చారన్నం అడిగింది. బుల్లిగా, అన్నం అడిగిందిరా. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ ఒంగోలు మనిషి చెప్పిన రెండు గుణాలూ ఇందులో ఉన్నాయి. ముందు నవ్వించి తర్వాత పడుకోబెడుతుంది. రంజాను నెలలో ఇలాంటిది ఇంట్లో పెట్టుకున్నానని బాధగానే ఉంది. మందుగా పెడుతున్నాను, మిగతాది అల్లా చూసుకుంటాడు. రెమ్మ అయిపోయింది. త్వరగా పంపు.

నజీర్

కొత్తరెడ్డిపాలెం
2000 జనవరి 12

ఒరేయ్ నజీరూ,

నీ ఉత్తరం రత్నానికి చదివి వినిపించా. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. గంజాయి వేసినందుకు ఏడాది నుంచి నాతో పోట్లాడే మనిషి, ఆ సాయంత్రం తనే వెళ్ళి మొక్క చుట్టూ కంప కట్టింది. ఒంగోలాయన్ని రావద్దని చెప్పేశా. మిగతా చేలోది పీక్కుపొమ్మన్నా. ఇక ఆ యాపారం నాకొద్దు.

నిన్న పొద్దున సరుకు డ్రైవరుకిచ్చి పంపా. ఈ ఉత్తరం కంటే ముందే నీకు చేరి ఉంటది. నెలరోజులు ఆలస్యం చేశానని తిట్టుకోవద్దు. పూత ముదిరితేనే బలమని ఒంగోలాయన అనేవాడు, అందుకే ఆగా. ఆ నెలరోజులూ ఆ మొక్కని కంటికి రెప్పలా చూశా. పశువుల ఎరువు వేశా, పూట పూటా నీళ్ళు పోశా. పత్తిలో పురుగు దీని మీదికి ఎక్కడ ఎగబాకుద్దోనని ప్రతి వారం మోనో పురుగుమందు కొట్టా. పత్తికి కొట్టిందానికంటే చిక్కగా కలిపి, చెల్లెమ్మ పేరు చెప్పుకుని కొట్టా. మొన్న కోసే ముందు కూడా ఒకసారి కొట్టా. ఒక్క పురుగు ముట్టలేదు. అంత శుభ్రంగా ఉంది సరుకు, చూశావుగా!

చెల్లెమ్మ కడుపునిండా తిన్నదని రాయి. మాకు అంతే చాలు.

నీ
బుల్లయ్య

గుంటూరు
2000 జనవరి 22

బుల్లయ్య గారికి,

మీ సరుకు పదకొండో తేదీనే వచ్చింది. మీ ఉత్తరం పదిహేనున వచ్చింది. ఆ మధ్యలో జరిగింది మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నాకు జలుబు చేసి ఉంది. కోవా వాసన ఒక్కటే తెలిసింది, దాని అడుగున ఏముందో తెలియలేదు. చేసి పెట్టాను. బాగుందని ఇంకొంచెం అడిగింది. నా చేత్తోనే ఇంకొంచెం పెట్టాను. గంట తిరక్కుండా నోట్లోంచి సొంగ, ఒళ్ళంతా చెమట, చేతుల్లో కండలు ఎగరడం మొదలైంది. రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరు కళ్ళు చూడగానే "పురుగుమందు ఎప్పుడు తాగింది?" అన్నాడు. ఈ జిల్లా డాక్టరుకి ఆ కళ్ళు కొత్త కాదు. తాగలేదంటే నమ్మలేదు. కానిస్టేబుల్ వచ్చాడు. "రోగిష్టి పెళ్ళాం అడ్డమైందా సాహేబూ, నువ్వే పెట్టావా?" అని నలుగురిలో అడిగాడు. జోహరా నాలుక మడతపడుతున్నా "నేనే తాగాను, నొప్పి పడలేక తాగాను" అని చెప్పింది. నన్ను కాపాడటానికి ఆ మాట తన నెత్తిన వేసుకుంది.

నాలుగు రోజులకి ఇంటికొచ్చాం. ప్రాణం ఉంది. మీ ఉత్తరం చదివాక మిగిలింది మోరీలో కలిపాను. మీరు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసినా మీ పేరు ఇంట్లో ఎత్తనివ్వడం లేదు. ఇక నాకు ఉత్తరాలు రాయకండి.

షేక్ నజీర్

కొత్తరెడ్డిపాలెం
2000 ఆగస్టు 20

నజీరూ,

రాయొద్దన్నావు. ఏడు నెలలు ఊరుకున్నా. ఇక నావల్ల కాదు. చించేస్తే చించెయ్.

నాకు ప్రేమ చూపించడం అట్టాగే వచ్చురా. ఇరవై ఏళ్ళుగా దేన్ని బతికించుకోవాలన్నా వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొట్టడమే తెలుసు. పట్టించుకోకుండా వదిలేసిన రెమ్మ మంచి చేసింది, నేను చాకిరీ చేసింది విషమైంది. ఈ సంగతి తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని రత్నం అంటది. అని, తనూ తినకుండా పడుకుంటది.

ఆ మొక్క గింజలు కొన్ని ఉంటే మోటారు షెడ్డు వెనకాల వేశా. ఎవరికీ అమ్మడానికి కాదు. దానికి చుక్క మందు కొట్టను. పక్కన పత్తికి కొడితే గాలికి దీని మీద పడుద్దని పత్తికీ కొట్టడం మానేశా. ఊళ్ళో నాకు పిచ్చెక్కిందంటున్నారు. అననీ.

వద్దంటే పీకేస్తా. ఒక కార్డు ముక్క రాయి, చాలు.

బుల్లయ్య

గుంటూరు
2000 అక్టోబరు 15

బుల్లిగా,

రత్నమ్మ చెల్లి మొన్న వచ్చింది, నీకు చెప్పే ఉంటుంది. పత్తి మీద చుక్క మందు పడలేదని, పురుగు కాయల్ని తొలిచేస్తోందని, నువ్వు గట్టు మీద కూర్చుని చూస్తున్నావని చెప్పింది. జోహరా తల దువ్వి జడ వేసి వెళ్ళింది. ఉన్న జుట్టే అంత, దానికే జడ.

నీ మీద కోపం పోలేదు. అలిసిపోయింది, అంతే. నేనూ అలిసిపోయాను.

డాక్టర్లు ఇక మందులు వద్దన్నారు. కక్కు తగ్గలేదు, నొప్పి ఎక్కువైంది. ఆ కోవా ఒక్కటే అడుగుతుంది. ఎక్కణ్ణుంచి తేను? హకీం ఇంకో నాలుగు రకాలు తెప్పించాడు. అన్నీ ఆ పిల్లి కంపే, వీధిలో ఉండగానే పసిగట్టేస్తోంది. చివరికి నేనొక పని చేశాను. ఉత్త కోవా చేసి, ఏలకి ఎక్కువ వేసి, అడుగు కొంచెం మాడనిచ్చి, "బుల్లయ్య పంపాడు" అని పెట్టాను. తిన్నది. తిని "మీకు అబద్ధం చెప్పడం ఎప్పుడూ రాలేదండీ" అంది. అయినా రోజూ కొంచెం తింటోంది. నా కోసం తింటోంది. తిన్నది నిలవదు.

మొక్క పీకకు. వాసన వస్తే రాయి. ఈసారి నా ముక్కు సరిగ్గా ఉంది.

నజీర్

కొత్తరెడ్డిపాలెం
2000 నవంబరు 24

ఒరేయ్ నజీరూ,

దొరికిందిరా!

హైబ్రిడ్ పత్తి గింజ దాచుకుని మళ్ళీ విత్తితే ఏమవుద్దో నాకు తెలుసు. అందుకే చచ్చేంత భయపడ్డా. అనుకున్నట్టే అయింది. ఒక్క తల్లి పిల్లలు ఒక్కో దారి పట్టారు. ఒకటి సన్నాకు వేసి షెడ్డు దాటి పెరిగింది, దాని వాసన కిరసనాయిలు. ఒకటి నేలకి కరుచుకుని కూర్చుంది, నలిపితే నిమ్మతొక్క. ఒకదానికి అసలు వాసనే లేదు. ఇంకోదాన్ని ముట్టుకుంటే చెయ్యి రెండు రోజులు మేకల దొడ్డి కంపు కొట్టింది. పూత రాగానే ఒక్కోదాన్ని వాసన చూడటం, పీకి తగలెయ్యడం. రత్నం, నేను ఆ పనే చేశాం.

షెడ్డు గోడ నీడన ఒకటి వెనకబడి ఉంది. దాని మీద ఆశ పెట్టుకోలేదు. మొన్న చలిగాలికి పూత ఊదారంగు తిరిగింది. ఇవాళ మంచు ఆరాక వంగి చూశా. కోవా! నువ్వు రాసినట్టే, మూకుడు అంచున కట్టిన మీగడ గీకితే వచ్చే వాసన. వెనక ఏలకి. వేళ్ళ మధ్య నలిపితే నెయ్యి చేతికి పూసుకున్నట్టు జిడ్డు. ఆ మాడబోయే పాకం వాసన మాత్రం రాలేదు, అది పూత ముదిరితే వస్తదేమో. నీ అంత ముక్కు నాకు లేదు గానీ, రత్నం కూడా అదేనని ఒట్టేసి చెప్పింది. ఇద్దరం ఆ మొక్క దగ్గరే చతికిలబడి కూర్చున్నాం.

ఆకు మీద పురుగు కొరికిన బొక్కలున్నాయి. ఆ బొక్కలు చూస్తే ధైర్యంగా ఉంది. పత్తి మొత్తం పోయింది, తుడిచిపెట్టింది. దాని అవతల కౌలుకి తీసుకున్న చేను కూడా పోయేట్టుంది. పోనీలే. ఇంకో రెండు వారాలు ఆగితే కోస్తా. ఈసారి డ్రైవరు చేతికివ్వను, నేనే తెస్తా. చెల్లెమ్మని ఓపిక పట్టమను.

నీ
బుల్లయ్య

గుంటూరు
2000 డిసెంబరు 4

బుల్లిగా,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. జోహరా పక్కన కూర్చుని చదివాను. కిరసనాయిలు దగ్గర, మేకల దొడ్డి దగ్గర నవ్వింది. కోవా దగ్గరికి వచ్చేసరికి "ఆగండి, అక్కణ్ణుంచి మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివాను. కళ్ళు మూసుకుని ఇంకోసారి చదవమంది. మీగడ, ఏలకి, నెయ్యి. చదివిన కొద్దీ మొహం తేటపడింది. అంతకుముందు ఒక్కసారే చూశాను ఆ మొహాన్ని అలాగ. "గంజి ఉందా?" అని అడిగింది. గరిటెడు తాగింది. అది నిలిచింది బుల్లిగా, కక్కలేదు.

"రెండు వారాలు ఆగాలట" అన్నాను. "మీ స్నేహితుడికి తొందరెక్కువ, పచ్చిదే కోసుకొస్తాడేమో, ఆగమని రాయండి" అంది. ఎప్పుడు వచ్చినా అన్నయ్య భోజనం చెయ్యకుండా వెళ్ళకూడదని కూడా అంది. శుక్రవారం తెల్లవారుజామున నేను సెహరీ తిని ఆమెని లేపబోతే లేవలేదు. జుమ్మా నమాజు అయ్యాక మట్టి చేశాం. నీకు కబురు పంపడానికి మనిషి దొరకలేదు, నాకు ఓపికా లేదు.

ఆ పురుగుమందు వల్ల పోలేదు. రాత్రింబవళ్ళు నిన్ను నువ్వు అదే అడుగుతుంటావని తెలుసు, అందుకే రాస్తున్నాను. డాక్టర్లు చెప్పిన గడువు కంటే నాలుగు నెలలు ఎక్కువే ఉంది. నువ్వూ నేనూ చెరో తప్పు చేశాం, రెండూ ఆమె క్షమించింది. ఇంక ఆ లెక్క మనం తియ్యొద్దు.

ఆ మొక్క ఎవరి కంటా పడకముందే పీకెయ్. తీసుకురాకు. ఇక్కడ తినేవాళ్ళు లేరు. ఆ కౌలు చేనుకైనా మందు కొట్టుకో, రత్నమ్మ మెతుకు తినాలి. కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో.

పీకేముందు ఒకసారి వంగి వాసన చూడు. ఆ మాడబోయే పాకం వాసన కూడా వచ్చే ఉంటుంది ఈపాటికి. ఎలా ఉందో నాకు మాత్రం రాయకు.

నీ
నజీర్